యాదయ్య పొడి చేతులు

తుపాకులకు రంగు పట్టించే పనిలోకి ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లు తక్కువ. వచ్చిన ఒకరిద్దరు మల్కాజ్‌గిరిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "అంకుల్, మీరు ఏం మందు వాడేవాళ్లు?" అని అడుగుతారు. మందు ఎవరైనా చెప్తారు. ఈ పనిలో ఉన్నన్నాళ్లూ నన్ను తిన్నది మందూ కాదు, ఆసిడ్ పొగా కాదు. పక్క బల్ల దగ్గర కూర్చున్నవాడి మీద కుళ్లు. దాని సంగతి ఎవరూ చెప్పరు గనక నేను రాస్తున్నాను. పెద్దవాడినయ్యాను, ఇప్పుడైనా మనసు శుభ్రం చేసుకోవాలని మా పాస్టరు గారు అంటుంటారు. చేసుకుంటాను. ముందు ఇది రాయనివ్వండి.

అసలు పని

రంగు అంటాం గానీ అది రంగు కాదు. పాత తుపాకీ బ్యారెల్ మీద కనిపించే నీలి నలుపు, మనం కావాలని ఇనుముకు పట్టించిన తుప్పు. బ్యారెల్‌ని జిడ్డు లేకుండా తోమి, పలచటి మందు పూసి, తేమగా ఉండే చెక్క పెట్టెలో వేలాడదీస్తాం. మర్నాటికి ఎర్రగా తుప్పు లేస్తుంది. దాన్ని మంచి నీళ్లలో మరిగిస్తే ఎరుపు పోయి నలుపు అవుతుంది. పైన వదులుగా ఉన్న పొడిని సన్నటి తీగ బ్రష్షుతో తీసేసి మళ్లీ మందు పూస్తాం. నేరేడుపండు రంగు వచ్చేదాకా ఇదే. ఓపిక లేనివాళ్లు బజార్లో టీ కొట్టు పెట్టుకోవడం మంచిది.

నీళ్లు కూడా ఏవి పడితే అవి పనికిరావు. కుళాయి నీళ్లు మరిగితే బ్యారెల్ మీద తెల్ల చారలు వస్తాయి. వానాకాలంలో మా ఆవిడ సువర్ణ డాబా మీద పడ్డ వాన నీళ్లు పట్టి ఉంచేది. నేను డబ్బాలు పట్టుకుని లోకల్ రైల్లో సికింద్రాబాద్ వెళ్లేవాణ్ణి. పాలవాడినని ఎంతమంది అనుకున్నారో లెక్క లేదు.

దీనికి అడ్డదారి ఒకటుంది. వేడి ఉప్పు ద్రావణం తొట్టి. అందులో ముంచితే ఒక్క పూటలో నిగనిగలాడే నలుపు వస్తుంది. రైఫిల్‌కి ఫరవాలేదు. డబల్ బ్యారెల్‌కి మాత్రం ఛస్తే వాడకండి. రెండు గొట్టాలనీ కలిపి పట్టుకున్నది మెత్తటి టంకం. ఆ తొట్టి టంకాన్ని తినేస్తుంది. ఇచ్చిన రోజు తుపాకీ పెళ్లికొడుకులా ఉంటుంది. కొన్నాళ్లకు నడిమి పట్టీ లేచి ఊడొస్తుంది. అప్పుడు కస్టమరు తిట్టే తిట్లు నేను పనిచేసిన ఖాదర్ సేటు దుకాణంలో చాలా విన్నాను, వేరే దుకాణాల్లో చేయించుకుని మా దగ్గరికి ఏడుస్తూ వచ్చినవాళ్లవి.

ఖాదర్ సేటు, నా చేతులు

మోండా మార్కెట్ వెనక సందులో ఖాదర్ సేటు దుకాణం ఉండేది. ఆయన మంచివాడా అంటే మంచివాడే. పండక్కి బట్టలు పెట్టేవాడు, ఆదివారం చర్చి అంటే ఎన్నడూ అడ్డు చెప్పలేదు. కానీ పొగడటంలో అంత పిసినారిని నేను చూడలేదు. బ్యారెల్ పట్టుకుని గుమ్మంలోకి వెళ్లి, వెలుతురుకి వాల్చి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసి, "చల్తా" అనేవాడు. ఫరవాలేదు, నడుస్తుంది అని. అదే పెద్ద మెప్పు. నేను ఆ "చల్తా" కోసం ప్రాణం పెట్టి పనిచేశాను.

నాకొక శాపం ఉంది. నా అరచేతులు ఎప్పుడూ చెమట పడతాయి. మామూలు చెమట కాదు, ఇనుముకు పడని చెమట. నేను ఉత్త చేత్తో ముట్టుకున్న ఇనుము మీద తెల్లారేసరికి నా వేళ్లు ఎర్రగా అచ్చు పడి ఉంటాయి. చేరిన కొత్తల్లో ఎవరిదో మంచి తుపాకీ తుడిచి పెడితే, పొద్దున సేటు చూసి, "అరే విక్టర్, ఏందిరా ఇది! నీది చెయ్యా, సముద్రమా?" అని దుకాణమంతా వినిపించేలా అరిచాడు. ఆ రోజు నుంచి చేతులకు సుద్ద పొడి రాసుకుని, గుడ్డ చుట్టుకుని, బ్యారెల్ రెండు చివర్లా కర్ర బిరడాలు దిగ్గొట్టి, ఆ కర్రలే పట్టుకుని పనిచేశాను. వంటమనిషికి ఉప్పు పడకపోతే ఎలా ఉంటుందో నాకు ఈ పనిలో అలా ఉండేది. అయినా నేర్చుకున్నాను. సికింద్రాబాద్‌లో డబల్ బ్యారెల్ అంటే విక్టర్ దగ్గరికే పొమ్మనేవాళ్లు.

యాదయ్య

అల్వాల్ నుంచి యాదయ్య వచ్చాడు. అంతకుముందు ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టేవాడు. సేటు నా పక్కనే బల్ల వేయించి, "విక్టర్, జెర చెప్పు వీనికి" అన్నాడు. చెప్పాను. నా కంటే చిన్నవాడు, మాట నెమ్మది, ఎప్పుడూ నవ్వు ముఖం. మొదటి రోజే జిడ్డు తీసి తోమిన బ్యారెల్‌ని ఉత్త చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

"ఓరి నాయనో, గుడ్డ! గుడ్డతో పట్టుకోవయ్యా!"

"ఏం గాదన్నా. నా చేతులు మస్తు పొడిగుంటయి. కళాయి పెట్టంగ సుత అందరు గట్లనే అంటుండె."

మర్నాడు వెతికాను. వెలుతురుకి వాల్చి వెతికాను, కళ్లద్దాలు పెట్టుకుని వెతికాను. ఒక్క వేలు అచ్చు లేదు. అమ్మాయి బుగ్గలా ఉంది ఆ ఇనుము. ఒళ్లు మండిపోయింది.

అతను చేసిన మొదటి డబల్ బ్యారెల్‌ని సేటు గుమ్మంలోకి పట్టుకెళ్లాడు. నేను తలొంచుకుని తీగ బ్రష్షు కడుగుతున్నట్టు నటిస్తున్నాను. చెవులు మాత్రం అక్కడే ఉన్నాయి. సేటు కళ్లద్దాలు తుడుచుకోలేదు. ఒక్కసారే చూసి, "వాహ్! మాషా అల్లా, ఏం చెయ్యిరా నీది" అన్నాడు.

చెయ్యి! నాకు సముద్రం, వాడికి మాషా అల్లా. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. సువర్ణ గిన్నె దగ్గరికి లాగి, "ఏం, మళ్లీ యాదయ్యేనా?" అంది.

"వాడి పేరెత్తకు."

"నేనెక్కడ ఎత్తాను, నిద్దట్లో కూడా మీరే ఎత్తుతున్నారు. నా పేరు ఒక్కనాడు కలవరించిన పాపాన పోలేదు. నాకు సవతిని తెచ్చారనుకోవాలి."

నవ్వు రాలేదు. కుళ్లుకున్నవాడికి హాస్యం ఎక్కదు. యాదయ్య నన్ను ఒక్క మాట అనలేదు, నా పని ఒక్కటి లాక్కోలేదు. నీళ్ల డబ్బాలు స్టేషన్ నుంచి తనే మోసుకొచ్చేవాడు. అదే నాకు ఇంకా మంట. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. మంచివాణ్ణి చూసి ఓర్వలేకపోవడం అంత దరిద్రం ఇంకోటి లేదు.

అన్నపూర్ణ టీచరు గారి తుపాకీ

ఒక వానాకాలం ఆ తుపాకీ వచ్చింది. తెచ్చింది అన్నపూర్ణ అనే టీచరు గారు, వెంట వాళ్ల అన్నయ్య శేషగిరి గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఎప్పటినుంచో సికింద్రాబాద్‌లో ఉన్న కుటుంబం. వాళ్ల నాన్నగారు రైల్వే గార్డు, వేట పిచ్చి. వేట నిషేధం వచ్చాక తుపాకీ పెట్టెకెక్కింది. ఆయన పోతూ దాన్ని కూతురికి రాశారు. లైసెన్సు ఆవిడ పేరు మీదికి మారేలోపు తోలు పెట్టెలో ఉండిపోయి తుప్పు పట్టింది. తోలు చెమ్మను పీలుస్తుంది. తుపాకీని తోలు పెట్టెలో దాచకండి, దయచేసి.

ఇంగ్లండు నుంచి వచ్చిన పాత డబల్ బ్యారెల్. ఆకుల చెక్కడం, సన్నటి అక్షరాలు. దాన్ని చూడగానే ఇది నాది అనుకున్నాను. నా చేతి మీదుగా వెళ్లాలి, సేటు దీన్ని గుమ్మంలోకి పట్టుకెళ్లి నా పేరు చెప్పి "వాహ్" అనాలి. అంతకంటే నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

శేషగిరి గారు కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టారు. "ఆడపిల్లకి తుపాకీ ఎందుకండీ? పెద్దకొడుకుని నేనున్నాను. నాన్నకి ఆఖర్లో మతి సరిగ్గా లేదు."

"మతి బాగానే ఉంది అన్నయ్యా. ప్రతి ఆదివారం దాన్ని తుడిచింది నేను. నువ్వు ఎన్నడైనా ముట్టుకున్నావా?"

"ముట్టుకోనిచ్చాడా? నేను చెయ్యి చాపితే చాలు, వద్దురా, తుప్పు పట్టిస్తావు అని కసిరేవాడు."

ఆయన గొంతులో కోపం కంటే ఏడుపు ఎక్కువుంది. ఆ గొంతు నాకు బాగా తెలుసు, రోజూ నా లోపల వినేదే. ఆవిడ మాత్రం ఒకటే అడిగింది. "సేటు గారూ, నాన్న చేతిలో ఎలా ఉండేదో అలా కావాలి. అంతే."

సేటు తుపాకీ చూశాడు, మమ్మల్నిద్దరినీ చూశాడు. "యాదయ్య చేస్తడు. విక్టర్, నువ్వు పక్కకుండి చూస్కో" అన్నాడు.

పక్కకుండి చూడటం! తర్వాత సేటుని లోపల గదిలో అడిగాను, ఎందుకు సేట్ అని. ఆయన దాచలేదు. "దాని మీద చెక్కడం చాలుంది భాయ్, గుడ్డతోని పట్టుకుంటే చేతికి తెల్వది. ఉత్త చెయ్యి గావాలె." నిజమే చెప్పాడు. నిజమని తెలిసీ ఆయన మీద చాలా రోజులు మూతి ముడుచుకున్నాను.

యాదయ్య పని చూస్తే మాత్రం వంక పెట్టడానికి లేదు. నేను గోతికాడ నక్కలా పక్కనే కూర్చుని, ఎక్కడ తప్పు దొరుకుతుందా అని చూశాను. గరుకు ఎమరీ కాగితం అక్షరాల మీదికి పోతుందేమోనని చూశాను, పోనివ్వలేదు. మరిగేటప్పుడు పట్టీ కింద నుంచి పాత నూనె ఊరి మచ్చ పడుతుందేమోనని చూశాను, ముందే తీసేశాడు. ఎడమ బ్యారెల్ మీద, కింద పట్టుకునే చెక్క దాటాక, ఒకచోట రంగంతా అరిగి వెండిలా తేలి ఉండేది. అక్కడ కూడా మిగతా బ్యారెల్‌తో సమానంగా, అతుకు తెలియకుండా నలుపు పట్టించాడు. నాకు తెలిసి ఆ దుకాణంలో అంత మంచి పని అంతకుముందు జరగలేదు, తర్వాతా జరగలేదు. ఈ వాక్యం రాయడానికి నాకు ఎంత కష్టంగా ఉందో మీకు తెలియదు.

వెతుక్కున్న చోటు

టీచరు గారు ఒక్కరే తీసుకెళ్లడానికి వచ్చారు. సేటు తుపాకీని తెల్ల గుడ్డ మీద పెట్టి చూపించాడు. ఆవిడ ముఖం వెలిగింది. రెండు చేతులతో ఎత్తి, తిప్పి, ఎడమ బ్యారెల్ దగ్గరికి తెచ్చుకుని చూసింది. మళ్లీ తిప్పింది. మళ్లీ చూసింది. ఏదో పోగొట్టుకున్నదానిలా వేళ్లతో తడుముతోంది.

"ఇక్కడ తెల్లగా ఉండేది కదండీ?"

"అవునక్క, అరిగివుండె. మొత్తం మంచిగ చేసిన" అన్నాడు యాదయ్య సంబరంగా.

"అది నాన్న చెయ్యి పెట్టే చోటు" అంది ఆవిడ. పని బాగుందని చెప్పి, దణ్ణం పెట్టి, తుపాకీ తీసుకుని వెళ్లిపోయింది. ఏడ్చి తిట్టినా బాగుండేది.

యాదయ్య ఖాళీ అయిన తెల్ల గుడ్డని మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టాడు. సేటు కళ్లద్దాలు తుడుచుకుంటూనే ఉండిపోయాడు. నాకా? ముందు సంతోషమేసింది. లోపల ఎక్కడో ఢంకా కొట్టినట్టయింది. మాషా అల్లా చెయ్యి కూడా తప్పు చేసిందని. ఆ తర్వాతే, ఆ అరుగుదల నేనూ చూశానుగా, ఎందుకరిగిందో నాకూ తట్టలేదుగా అని గుర్తొచ్చింది. మా పనివాళ్లకి అరిగిన చోటు కనబడితే చాలు, పూడ్చేయాలని చెయ్యి దురద పెడుతుంది. వారసత్వంగా వచ్చిన తుపాకీ మీద ఏ మచ్చనైనా తీసేముందు, ఇది ఉంచమంటారా అని అడగండి. ఈ పనిలో నేను నేర్చుకున్న వాటిలో ఇదే పెద్దది. నాకది నేర్పింది యాదయ్య చేసిన తప్పు.

తుప్పు

కొద్ది రోజులకే టీచరు గారు మళ్లీ వచ్చారు. ఈసారి కోపంగా వచ్చారు, వెనక శేషగిరి గారు తల దించుకుని.

"సేటు గారూ, ఇదేం పనండీ? అప్పుడే తుప్పు పట్టింది!"

సేటు చూసి అగ్గి అయిపోయాడు. "యాదయ్యా! ఇదేందిర?" ఎడమ బ్యారెల్ మీద ఎర్రటి మరకలు. యాదయ్యకి ఏమీ అర్థం కాలేదు. జీవితంలో అలాంటి మరకలు చూసినవాడైతే కదా. నాకు చూడగానే అర్థమైంది. రోజూ పొద్దున నా పని మీద వెతుక్కుని భయపడిన మరకలే అవి. ఒక పక్క నాలుగు వేళ్లు, అవతలి పక్క బొటనవేలు.

"రంగు తప్పు కాదమ్మా, ఇది చెయ్యి. ఎవరు పట్టుకున్నారు?" అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగింది. శేషగిరి గారు గొణిగారు. "ఒక్కసారే పూర్ణా. నువ్వు నూనె తుడిచి ఆరబెట్టినప్పుడు, నువ్వు వంటింట్లో ఉంటే. ఒక్కసారి భుజాన పెట్టుకుని చూశాను. నాన్నలా ఉంటానేమోనని."

"లైసెన్సు నాది! ముట్టుకోవద్దని నీకు ఎన్నిసార్లు..." అంటూ ఆగిపోయింది ఆవిడ. ఆ మరకలు ఎక్కడున్నాయో అప్పుడు చూసుకుంది. చెక్క దాటాక, ఎడమ బ్యారెల్ మీద. సరిగ్గా యాదయ్య పూడ్చిన చోటే.

"మీ నాన్నగారికి చేతులు చెమట పట్టేవా అమ్మా?" అని అడిగాను.

"ఎప్పుడూ జేబురుమాలు పట్టుకునే ఉండేవారు" అంది నెమ్మదిగా. "తుపాకీ దించగానే నా చేతికిచ్చి, తుడవ్వే, నా చెయ్యి మంచిది కాదు అనేవారు."

ఆ ఎర్ర మరకల మీద వేలు పెట్టబోయి ఆగింది. తర్వాత ఆవిడే అంది. "దీన్ని ఉంచేయొచ్చా? పోకుండా?"

సేటు యాదయ్య వైపు చూశాడు. యాదయ్య అడ్డంగా తలూపాడు. "నాతోని గాదు సేట్. గివి విక్టరన్నకే ఎరుక." అంతమంది ముందు తను చేసిన తుపాకీని తీసి నా బల్ల మీద పెట్టాడు. నేనైతే ప్రాణం పోయినా అలా పెట్టేవాణ్ణి కాదు. అందుకూ ఒకసారి కుళ్లుకున్నాను.

తుడవకూడదు, రుద్దకూడదు, గుడ్డ తగలకూడదు. బ్యారెల్‌ని పెట్రోలులో ముంచి పైన మిగిలిన నూనె వదిలించి, సువర్ణ పట్టిన వాన నీళ్లు మరిగించి దించాను. ఎరుపు మెల్లగా నలుపైంది. చల్లారాక నూనె పెట్టి గుమ్మంలోకి పట్టుకెళ్లి నేనే వాల్చి చూశాను. నేరుగా చూస్తే ఏమీ లేదు. వెలుతురుకి వాలిస్తే నలుపు మీద మసక నలుపుగా, నాలుగు వేళ్లు కనిపించాయి. సేటు నా భుజం మీదుగా చూసి "వాహ్" అన్నాడు. ఇన్నేళ్లు కోరుకున్న మాట. తీరా వచ్చేసరికి నేను సరిగ్గా విననే లేదు, టీచరు గారి వైపు చూస్తున్నాను.

ఆవిడ తుపాకీ తీసుకుని, ఆ ముద్ర మీద తన వేళ్లు పెట్టి చూసుకుంది. సరిపోలేదు. ఆవిడది చిన్న చెయ్యి. వేళ్లు జరిపింది, చాపింది, అయినా ముద్ర బయటికి కనబడుతూనే ఉంది. అన్నయ్య చేతుల వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. యాదయ్య చేతుల్ని నేను అలాగే చూసేవాణ్ణి.

"తుపాకీ నాకిచ్చారు గానీ, చెయ్యి నీకిచ్చారు అన్నయ్యా" అంది.

శేషగిరి గారు నవ్వబోయి నవ్వలేకపోయారు. తన అరచెయ్యి తెరిచి, ఎవరిదో అన్నట్టు చూసుకుని, ప్యాంటుకు తుడుచుకున్నారు. తుడుచుకున్నా అది తడిగానే ఉంది. ఇద్దరూ ఒకే రిక్షాలో వెళ్లారు. తుపాకీ పెట్టె ఆవిడ ఒళ్లోనే ఉంది.

వాళ్లు సందు మలుపు తిరిగేదాకా యాదయ్య గుమ్మంలో నిలబడ్డాడు. తిరిగొచ్చి తన బల్ల దగ్గర కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాపుకుని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అన్నా, ఇన్ని తుపాకులు పట్టిన. ఒక్కదాని మీద సుత నా చెయ్యి లేదు" అన్నాడు.

ఆ ముఖంలో నవ్వు లేదు. నన్ను చూసి, నా గుడ్డ చుట్టిన చేతుల్ని చూసి, చూపు తిప్పుకున్నాడు. నా మీద ఏడుస్తున్నాడు! యాదయ్య, నా మీద! అబద్ధం ఎందుకు, చాలా హాయిగా అనిపించింది. ఆ సాయంత్రం టీ నేనే తెప్పించాను. అతను తాగినంతసేపూ గుడ్డ విప్పి చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను.